తీసేసిన ఉద్యోగం తిరిగి వస్తుందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల గ్రాట్యుటీ గురించి రాసినప్పుడు చివర్లో ఒక వాక్యం రాశాను, అన్యాయంగా తీసేస్తే నష్టపరిహారమే కాదు, ఉద్యోగాన్నే వెనక్కి అడగొచ్చు అని. ఆ ఒక్క వాక్యానికే ఈసారి ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. గాజువాక, పెదగంట్యాడ, దువ్వాడ, గోపాలపట్నం, మధురవాడ, ఎక్కువ భాగం మన విశాఖ చుట్టుపక్కల నుంచే. ఒకేలాంటి ఉత్తరాలను కలిపి, మనుషుల పేర్లూ కంపెనీల పేర్లూ తీసేసి ఇక్కడ వేస్తున్నాను. పాతికేళ్లుగా లేబర్ కోర్టులో కార్మికుల తరఫున కేసులు వేస్తున్నాను కాబట్టి ముందే ఒక మాట చెప్పాలి. తీసేసిన మొదటి పది రోజుల్లో భయపడో, కోపంలోనో పెట్టిన ఒక్క సంతకం వల్ల పోయిన ఉద్యోగాలు నేను చాలా చూశాను. అందుకే జవాబులు కాస్త గట్టిగా ఉంటే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: ఆటోనగర్‌లో ఒక ఇంజనీరింగ్ యూనిట్‌లో తొమ్మిదేళ్లుగా లేత్ ఆపరేటర్‌ని, జీతం 18 వేలు. ఈ మార్చిలో టైఫాయిడ్ వచ్చి 13 రోజులు వెళ్లలేదు. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి చెప్పాను, కేజీహెచ్ ఓపీ చీటీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాను. తగ్గాక వెళితే గేటు దగ్గరే ఆపేశారు. పది రోజులు దాటితే రూల్ ప్రకారం పేరు దానంతట అదే పోతుందట. కాగితం ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఆఫీసుకి పిలిచి, రాజీనామా రాసిస్తే 50 వేలు ఇస్తామంటున్నారు సార్, ఏం చేయమంటారు?

జవాబు: రాజీనామా రాయకండి. ఇందులో ఇంకేమీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి. రాసిచ్చిన మరుక్షణం మిమ్మల్ని ఎవరూ తీసేసినట్టు కాదు, మీరే మానేసినట్టు. ఇక తిరిగి తీసుకోమని అడగడానికి ఏముంటుంది? ఒత్తిడి చేసి రాయించుకున్నారని తర్వాత చెప్పుకోవచ్చు, కొందరు గెలిచారు కూడా, కానీ అది రుజువు చేసే భారం మొత్తం మీ నెత్తిన పడుతుంది.

పేరు దానంతట అదే పోతుందన్న మాటకు సుప్రీంకోర్టు 1993లోనే జవాబు చెప్పేసింది. డి.కె. యాదవ్ అనే కార్మికుడిది కూడా ఇంచుమించు మీ కథే. చెప్పకుండా ఎనిమిది రోజులకు మించి రాకపోతే ఉద్యోగం పోయినట్టే అని ఆ కంపెనీ స్టాండింగ్ ఆర్డర్స్‌లో, అంటే సర్వీసు నియమాల్లో, రాసి ఉంది, దాన్ని పట్టుకునే తీసేశారు. ఎంక్వయిరీ లేకుండా, మనిషి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా అలా తీసేయడం చెల్లదని కోర్టు చెప్పింది, అతన్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకుని సగం పాత జీతాలు, అంటే ఖాళీగా ఉన్న కాలానికి రావాల్సిన జీతాల్లో సగం, ఇమ్మంది. మీరైతే చెప్పకుండా మానేయలేదు కూడా, ఫోన్ చేశారు, చీటీ పంపారు. ఆ వాట్సాప్ మెసేజ్ తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌లో కూడా దాచుకోండి.

ఇక ఆ 50 వేల సంగతి. ఏడాదిలో 240 రోజులు పని చేసిన కార్మికుణ్ని తప్పేమీ లేకుండా తగ్గించుకోవాలంటే నెల రోజుల నోటీసు గానీ దానికి బదులు నెల జీతం గానీ ఇవ్వాలి, పైగా చేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం కట్టాలి. మీ లెక్కలో నోటీసుకి 18 వేలు, తొమ్మిదేళ్లకు 9 వేల చొప్పున 81 వేలు, మొత్తం 99 వేలు. గ్రాట్యుటీ వేరే, అది 93 వేల పైచిలుకు వస్తుంది. అంటే పద్ధతిగా పంపించినా దాదాపు లక్షా 92 వేలు ఇవ్వాల్సినవాళ్లు, మీ చేత రాజీనామా కూడా రాయించుకుని 50 వేలు చేతిలో పెడతామంటున్నారు. నాకు ఇది చదివితేనే ఒళ్లు మండింది.

ఇప్పుడు చేయాల్సిన పని. ఈ రోజే ఒక తెల్లకాగితం తీసుకుని తెలుగులోనే రాయండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు టైఫాయిడ్‌తో ఉన్నాను, ఫలానా రోజు ఫస్ట్ షిఫ్ట్‌కి వస్తే గేటు దగ్గర ఆపారు, నేను రాజీనామా చేయలేదు, ఈ రోజు కూడా పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను, డ్యూటీ ఇవ్వండి. ఇంతే. తిట్లు వద్దు, బతిమాలడం వద్దు. ఒక కాపీ దగ్గర పెట్టుకుని స్పీడ్ పోస్ట్‌లో పంపండి, రసీదు కాపీకి అంటించండి. ఆ రసీదు రేపు, ‘అతనే రావడం మానేశాడు’ అని కంపెనీ కోర్టులో కౌంటర్ (జవాబు) వేసినప్పుడు పనికొస్తుంది. తప్పకుండా అలాగే వేస్తారు, ఇన్నేళ్లలో దాదాపు ప్రతి కేసులో ఆ వాక్యం చూశాను.

వారం పది రోజుల్లో జవాబు రాకపోతే లేబర్ ఆఫీసులో రాజీ చర్చలకు దరఖాస్తు పెట్టండి. దానికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. అక్కడ తేలకపోతే ట్రిబ్యునల్‌కి (ఇలాంటి వివాదాలు తేల్చే కోర్టుకి) వెళ్లొచ్చు, దరఖాస్తు పెట్టి 45 రోజులు గడిస్తే చాలు, ఏళ్ల తరబడి ఎదురు చూడనక్కర్లేదు. గడువు మాత్రం మరిచిపోకండి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో తీసేసిన రోజు నుంచి మూడేళ్లు టైముండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది రెండేళ్లకు తగ్గింది. మీరు రెండేళ్లు అని కూడా అనుకోవద్దు, రెండు నెలలు అనుకుని కదలండి.

దరఖాస్తులో మూడూ కలిపి అడగాలి. ఉద్యోగంలోకి తిరిగి తీసుకోవడం, ఖాళీగా ఉన్న కాలానికి జీతాలు, సర్వీసు తెగకుండా కొనసాగింపు. మూడోది చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే తిరిగి చేరినా తొమ్మిదేళ్ల సీనియర్ కాస్తా కొత్తవాడైపోతాడు. ఇక 240 రోజులు చేశానని చూపించాల్సింది మీరే కాబట్టి పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ వివరాలు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి.

ప్రశ్న: తీసేసి ఏడాదిన్నర అయింది, కేసు నడుస్తోంది. ఇద్దరు పిల్లలు, ఇంటి అద్దె, ఏం చేయను, మా బావ ఆటో అద్దెకు తీసుకుని ఎన్ఏడీ నుంచి కాంప్లెక్స్ వరకు తిప్పుతున్నాను. కంపెనీ వాళ్లు ఫోటోలు తీశారని తెలిసింది. నాకు పాత జీతాలు రావా? ఆటో ఆపేయాలా? రాత్రిళ్లు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఆపకండి తమ్ముడూ. పిల్లలకు అన్నం పెట్టుకోవడం ఏ చట్టంలోనూ తప్పు కాదు.

2013లో దీపాలీ గుండు సుర్వసే కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది. అక్రమంగా తీసేశారని తేలితే, తిరిగి తీసుకోవడంతో పాటు పాత జీతాలు ఇప్పించడమే మామూలు పద్ధతి. కార్మికుడు తాను ఎక్కడా పని చేయడం లేదని, లేదా పాత జీతం కంటే తక్కువకు చేస్తున్నానని ముందుగా చెప్పుకోవాలి. కాదు, ఇతను బాగానే సంపాదిస్తున్నాడు అని కంపెనీ అంటే, అది రుజువు చేయాల్సింది కంపెనీయే. ఆటో పక్కన నిలబడ్డ ఫోటో ఒక్కటి చూపించినంత మాత్రాన మీరు పాత జీతమంత సంపాదిస్తున్నట్టు కాదు.

అయితే ఒక్క విషయంలో గట్టిగా ఉంటాను. అఫిడవిట్‌లో ‘నాకు ఏ ఆదాయమూ లేదు’ అని అబద్ధం రాయకండి. కొందరు ప్లీడర్లు అలవాటుగా అదే వాక్యం టైపు చేయించేస్తారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో కంపెనీ లాయర్ ఆ ఫోటో బయటికి తీసినప్పుడు జడ్జిగారు ఆటో గురించి పట్టించుకోరు, మీరు అబద్ధం చెప్పారా లేదా అని చూస్తారు, ఆ తర్వాత మీరు ఎంత నిజం చెప్పినా నమ్మకం కుదరదు. అద్దె ఆటో తిప్పుతున్నాను, రోజు అద్దె ఇంత, గ్యాస్‌కి ఇంత, మిగిలేది ఇంత అని ఉన్నదున్నట్టు రాయించండి. ఒక చిన్న నోటుబుక్కులో రోజువారీ లెక్క రాయడం ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. పూర్తి జీతాలు కాకపోయినా కొంత శాతం రావచ్చు, ఉద్యోగం అయితే ఆటో వల్ల పోదు.

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని, జీతం 24 వేలు. నైట్ షిఫ్ట్‌లో నిద్రపోయారని ఎంక్వయిరీ పెట్టి డిస్మిస్ చేశారు. అంతకుముందు ఒక్క మెమో కూడా లేదు. కేసు వేస్తామంటే 4 లక్షలు ఇస్తాం, మొత్తం క్లోజ్ చేసుకోండి అంటున్నారు. తీసుకుని ప్రశాంతంగా ఉందామని అమ్మ, ఉద్యోగమే కావాలని నాన్న. మీరైతే ఏం చేస్తారు? (గోపాలపట్నం నుంచి ఒక కూతురు)

జవాబు: ముందు ఆ 4 లక్షల్లో ఏముందో విప్పి చూద్దాం అమ్మా. ఎనిమిదేళ్ల గ్రాట్యుటీ లక్షా 10 వేల పైనే, అది ఎలాగూ ఆయనదే. మామూలుగా తగ్గించుకుని పంపినా నోటీసు జీతం 24 వేలు, ఏడాదికి 12 వేల చొప్పున 96 వేలు, ఇంకో లక్షా 20 వేలు. ఈ రెండూ తీసేస్తే మిగిలేది లక్షా 70 వేలకు కాస్త తక్కువ. అంటే 58 ఏళ్లు వచ్చే వరకు ఉన్న నాలుగేళ్ల ఉద్యోగానికి వాళ్లు కడుతున్న ధర ఏడు నెలల జీతం. నేనైతే దీనికి ఒప్పుకోను.

ఇంకొకటి మీ అమ్మగారికి చెప్పండి. పీఎఫ్ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. నాన్నగారికి ఎనిమిదే అయ్యాయి. ఇంతకుముందు వేరేచోట పీఎఫ్ సర్వీసు ఏమైనా ఉందేమో చూడండి, ఉంటే కలపొచ్చు. లేకపోతే ఇప్పుడు ఆగిపోతే నెలనెలా పెన్షన్ అనేదే ఉండదు. తిరిగి చేరి, పాత జీతాల మీద కూడా పీఎఫ్ కట్టించుకుంటే ఆ పదేళ్లు దాటుతాయి. ఆ పెన్షన్ చిన్నదే కావచ్చు, కానీ ఆయన తర్వాత మీ అమ్మగారికి కూడా వస్తుంది.

కేసు బలం సంగతికొస్తే, ఇక్కడ ఎంక్వయిరీ జరిగింది కాబట్టి మొదటి ఉత్తరం రాసినాయనంత తేలిక కాదు. పని వేళలో నిద్రపోయినందుకు డిస్మిస్ చేస్తే సుప్రీంకోర్టు సమర్థించిన తీర్పు కూడా ఉంది, 2005లో భారత్ ఫోర్జ్ కేసు. కాకపోతే ఆ కార్మికుడికి అంతకుముందు కూడా శిక్షలు పడ్డాయి. మీ నాన్నగారి రికార్డు శుభ్రం. తప్పు నిజమే అయినా శిక్ష మరీ ఎక్కువైందనుకుంటే దాన్ని తగ్గించి తిరిగి తీసుకోమనే అధికారం 1971 నుంచీ లేబర్ కోర్టుకి ఉంది, కొత్త కోడ్‌లో ట్రిబ్యునల్‌కి కూడా ఉంది. అలాంటప్పుడు తరచుగా వచ్చే తీర్పు ఉద్యోగం ఇవ్వండి, పాత జీతాల్లో సగమో పావో ఇవ్వండి అని. బాయిలర్ దగ్గర నిద్ర అంటే ప్రమాదం అని వాళ్లు వాదిస్తారు, దాంట్లో పస లేకపోలేదు. అందుకే ఆ రాత్రి ఎన్ని గంటలు డ్యూటీలో ఉన్నారు, రిలీవర్ రాక డబుల్ షిఫ్ట్ చేయించారా అన్నది నాన్నగారిని అడిగి రాసిపెట్టండి. ఎంక్వయిరీ కాగితాలు మొత్తం తెచ్చుకుని చూడండి, ఇంగ్లిష్‌లో రాసినదాని మీద ఏముందో చదివి చెప్పకుండా సంతకాలు పెట్టించుకున్నారా, సాక్షిని ప్రశ్నించనిచ్చారా, ఇవి తేలాలి.

డబ్బు తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. యూనిట్ మూతపడినా, రిటైర్మెంట్ వయసు దాటినా, ఇద్దరి మధ్య నమ్మకం పూర్తిగా చెడిన కొన్ని రకాల ఉద్యోగాల్లోనూ కోర్టులే ఉద్యోగం బదులు పరిహారం ఇస్తాయి. రోజు కూలి మీద ఉన్నవాళ్లను నోటీసు, పరిహారం లేకుండా తీసేసిన కేసుల్లో కూడా ఉద్యోగం ఇప్పించి తీరాలని లేదు, పరిహారం చాలని 2013లో బీఎస్ఎన్ఎల్, భురుమల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ నాన్నగారు పర్మినెంట్, ఫ్యాక్టరీ నడుస్తోంది, మరో నాలుగేళ్లు ఉంది. కాబట్టి ముందు ఉద్యోగమే అడగండి. చర్చల్లో వాళ్లు అంకె పెంచితే అప్పుడు గ్రాట్యుటీ వేరు, పీఎఫ్ వేరు, ఇది వేరు అని విడివిడిగా రాయించి, లేబర్ ఆఫీసర్ ముందు ఒప్పందం మీద సంతకాలు చేయండి. హెచ్‌ఆర్ గదిలో మాత్రం వద్దు. ఆయన ఉద్యోగం కావాలంటున్నారు కదా, ఆ మాటకు ఇంట్లో విలువ ఇవ్వండి అమ్మా.

ప్రశ్న: మధురవాడ ఐటీ కంపెనీలో టీమ్ లీడ్‌ని. పెర్ఫార్మెన్స్ బాగాలేదని హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి, ఫోన్ బయట పెట్టించి, నా లాప్‌టాప్‌లోనే రిజిగ్నేషన్ బటన్ నొక్కించారు. మళ్లీ ఉద్యోగం ఇప్పించే చట్టం మాకు వర్తించదని అందరూ అంటున్నారు. నిజమేనా మేడమ్/సార్?

జవాబు: సగం నిజం. ఎందుకో చెబుతాను, ఇది తెలిస్తే మిగతా ఉత్తరాలకు కూడా జవాబు దొరుకుతుంది.

మామూలు కాంట్రాక్టు చట్టంలో ఒక మనిషిని ఇంకో మనిషి దగ్గర బలవంతంగా పని చేయించడం కుదరదు, యజమాని మాట తప్పితే నష్టపరిహారమే. దీనికి మూడు మినహాయింపులున్నాయని సుప్రీంకోర్టు ఎస్.ఆర్. తివారీ కేసులో చెప్పింది. రాజ్యాంగ రక్షణ ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు, చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ ఆ చట్టాన్నే మీరి తీసేసినవాళ్లు, పారిశ్రామిక చట్టం కింద కార్మికులు. ఈ మూడోదానికి మూలం ఇంకా వెనక ఉంది. 1949లో, అప్పటికి సుప్రీంకోర్టు ఇంకా రాలేదు, ఫెడరల్ కోర్టు ఉండేది, వెస్ట్రన్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ కేసులో యజమానులు అచ్చంగా ఇదే వాదించారు, తీసేసినవాణ్ని తిరిగి తీసుకోమని ట్రిబ్యునల్ ఎలా చెబుతుంది అని. చెప్పగలదు అని కోర్టు తేల్చింది. ఇవాళ ఆటోనగర్ లేత్ ఆపరేటర్ తన ఉద్యోగం తనకు కావాలని అడగగలుగుతున్నాడంటే ఆ తీర్పు చలవే.

కాబట్టి మీ విషయంలో అసలు ప్రశ్న, మీరు చట్టం దృష్టిలో ‘వర్కర్’ అవునా కాదా. డిజిగ్నేషన్ కాదు, చేసే పని చూస్తారు. నిర్వాహక హోదాలో ఉన్నవాళ్లు రారు, సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18 వేలు దాటినవాళ్లు రారు. టెక్నికల్ పని చేసేవాళ్లకు మాత్రం జీతం పరిమితి లేదు. రోజంతా మీరు కోడ్ రాసి, పక్క నలుగురి పని అప్పుడప్పుడు చూస్తూ ఉంటే, పేరుకే టీమ్ లీడ్ అని వాదించవచ్చు. లీవులు శాంక్షన్ చేయడం, అప్రైజల్ రేటింగ్ ఇవ్వడం మీరే చేస్తుంటే కష్టం. రెండో దారి, ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988. ఆరు నెలలు దాటి పని చేసిన ఉద్యోగిని తగిన కారణం లేకుండా, నెల నోటీసు లేకుండా తీసేస్తే కార్మిక శాఖలో అధికారి ముందు అప్పీలు చేసుకోవచ్చని అందులో ఉంది, కానీ ఐటీ కంపెనీలకు ఆ చట్టంలో కొన్ని మినహాయింపులు ఇచ్చారు కాబట్టి మీకు వర్తిస్తుందో లేదో ముందు లేబర్ ఆఫీసులో కనుక్కోండి.

ఏ దారైనా ముందు ఆ బటన్ సంగతి చూడాలి. మీ సొంత మెయిల్ నుంచి ఈ రాత్రికే రాయండి, ఎన్ని గంటలకు ఏ గదిలో ఎవరెవరు ఉండగా, ఏమని చెప్పి నొక్కించారో, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను అని. రాజీనామా అమల్లోకి వచ్చేలోపు వెనక్కి తీసుకునే హక్కు సాధారణంగా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది మీ ఇష్టప్రకారమే చేసినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: పదకొండేళ్లు ఒకే ప్లాంట్‌లో కాంట్రాక్ట్ లేబర్‌ని. ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు, నేను మారలేదు. నాలుగో ఆయన రాగానే నా గేట్ పాస్ రెన్యూ చేయలేదు. ప్లాంట్ మీద కేసు వేసి ఉద్యోగం అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు, కానీ ఇది చాలా కష్టమైన దారి అని ముందే చెప్పడం నా బాధ్యత. కాంట్రాక్టు వ్యవస్థ రద్దయినా కార్మికులు దానంతట అదే ప్లాంట్ ఉద్యోగులైపోరని 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కాంట్రాక్టు అనేది ఉత్త బూటకం, అసలు యజమాని ప్లాంటే అని రుజువు చేస్తేనే దారి తెరుచుకుంటుంది. పని ఎవరు చెప్పేవారు, లీవు ఎవరు ఇచ్చేవారు, హాజరు ఎవరి మెషిన్‌లో పడేది, జీతం ఎవరి ఖాతా నుంచి వచ్చేది, ఇవన్నీ చూస్తారు. పాత పాస్‌లు చించి పారేయకండి. ఈ మధ్య ఒకాయన పదకొండు పాస్‌లూ ఒక బిస్కెట్ కవర్లో పెట్టుకుని తెచ్చారు, రంగు వెలిసిపోయి ఫోటో కనబడటం లేదు గానీ నంబరూ తేదీలూ స్పష్టంగా ఉన్నాయి. పదకొండేళ్లూ ఒకే డిపార్ట్‌మెంట్ అని ఒక్కో పాస్ మీద రాసి ఉంది, ఆయన ఫైల్లో అంతకంటే విలువైన కాగితం లేదు.

ఈ లోపల, కొత్త కాంట్రాక్టర్ పాతవాళ్లందర్నీ తీసుకుని మిమ్మల్ని ఒక్కరినే వదిలేస్తే అది యూనియన్ ద్వారా తేల్చుకునే అవకాశం ఎక్కువ. లేబర్ ఆఫీసులో ప్లాంట్‌నీ కాంట్రాక్టర్‌నీ ఇద్దర్నీ పార్టీలుగా చేర్చండి. పోర్టు, రైల్వే, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలైతే సాధారణంగా కేంద్ర కార్మిక శాఖ కిందికి వస్తాయి, ఆ కార్యాలయం కూడా విశాఖలోనే ఉంది, పొరపాటున రాష్ట్ర ఆఫీసులో దరఖాస్తు పెట్టి నెలలు పోగొట్టుకోకండి.

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పై దారులు నాకూ ఉన్నాయా?

జవాబు: లేబర్ కోర్టు దారి లేదు. టీచర్లు పారిశ్రామిక చట్టం కింద కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. ఈ తీర్పు నాకు ఎప్పుడూ నచ్చలేదు, అయినా చట్టం అదే. మీకు ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, 1982 ఉంది, దాని ప్రకారం విచారణ లేకుండా తీసేయకూడదు, తీసేస్తే విద్యా శాఖలో అప్పీలు ఉంటుంది. అపాయింట్‌మెంట్ ఆర్డర్ పట్టుకుని వెంటనే వెళ్లండి.

ప్రశ్న: 2024లో నాకు అనుకూలంగా అవార్డు (లేబర్ కోర్టు తీర్పు) వచ్చింది, తిరిగి తీసుకోవాలి, సగం పాత జీతాలు ఇవ్వాలి అని. కంపెనీ హైకోర్టుకి వెళ్లి స్టే తెచ్చుకుంది. గెలిచి కూడా ఇంట్లోనే ఉన్నాను. ఎన్నేళ్లు?

జవాబు: ఎన్నేళ్లో చెప్పలేను గానీ, ఆ ఏళ్లు మీరు ఖాళీ చేతులతో గడపనక్కర్లేదు. 1984లో పాత చట్టంలోకి 17బి అనే సెక్షన్ తెచ్చారు. తిరిగి తీసుకోమన్న అవార్డు మీద యజమాని పై కోర్టుకి వెళితే, అది తేలే వరకు చివరిగా తీసుకున్న జీతం నెలనెలా మీకు కట్టాలి. ఎక్కడా ఉద్యోగంలో లేనని మీరు అఫిడవిట్ వేయాలి. చాలామంది గెలిచిన కార్మికులకు ఇది ఉందనే తెలియదు, మీ లాయర్‌తో ఈ వారమే పిటిషన్ వేయించండి.

దీనికి ముందు ఒక పని చేసి ఉండాలి. అవార్డు అమల్లోకి రాగానే డ్యూటీకి వెళ్లి రిపోర్ట్ చేశారా? నా దగ్గరికి వచ్చిన ఒకాయన అవార్డు వచ్చాక గేటు దగ్గరికి వెళితే సెక్యూరిటీ వాళ్లంతా కొత్తవాళ్లు, ఒక్కరికీ ఆయన మొహం తెలియదు. ఉదయం ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడు వరకు టైమ్ ఆఫీస్ బయట బెంచీ మీద కూర్చోబెట్టి, జాయినింగ్ రిపోర్ట్ మీద స్టాంపు వేయం పొమ్మన్నారు. ఆయన అక్కడి నుంచి నేరుగా పోస్టాఫీసుకి నడిచి, అదే కాగితాన్ని అదే రోజు పంపేశారు. తర్వాత కంపెనీ లాయర్ ‘అతను రిపోర్టే చేయలేదు’ అంటే ఆ రసీదు చూపించాం. మీరు అప్పుడు చేయకపోతే ఇప్పుడైనా చేయండి.

ప్రశ్న: ఆర్డర్లు లేవని పోయినేడు డిసెంబర్‌లో ఆరుగురిని తీసేశారు, నోటీసు జీతం, పరిహారం లెక్క ప్రకారమే ఇచ్చారు, మేమూ తీసుకున్నాం. ఇప్పుడు అదే మెషిన్ల మీదకి కొత్త కుర్రాళ్లను తీసుకుంటున్నారట. పరిహారం తీసుకున్నాక ఇక మాకు హక్కు లేదా?

జవాబు: ఉంది. తీసేయడం పద్ధతి ప్రకారమే జరిగినా, మళ్లీ మనుషులను తీసుకునేటప్పుడు ముందుగా తగ్గించినవాళ్లకు అవకాశం ఇవ్వాలి, వస్తామన్నవాళ్లకు కొత్తవాళ్లకంటే ప్రాధాన్యం ఇవ్వాలి. పాత చట్టంలో ఇది 25హెచ్ సెక్షన్, దానికి గడువు లేదు. కొత్త కోడ్‌లో తగ్గించిన రోజు నుంచి ఏడాది లోపల తీసుకుంటేనే ఈ హక్కు. డిసెంబర్ అంటే కొత్త కోడ్ వచ్చాక కాబట్టి మీ ఆరుగురికీ వచ్చే డిసెంబర్ వరకే టైముంది. ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోండి, ఇది పాత ఉద్యోగం కొనసాగింపు కాదు, కొత్తగా చేరడమే, పాత జీతాలు రావు.

ఆరుగురూ కలిసి ఒకే ఉత్తరం రాయండి, మేము తిరిగి చేరడానికి సిద్ధం, మా చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇవి అని. గేటు మీద ‘ఆపరేటర్లు కావలెను’ అని అట్ట ముక్క గానీ వాట్సాప్ గ్రూపుల్లో ప్రకటన గానీ కనబడితే తేదీతో ఫోటో తీయండి, అట్ట ముక్క రేపటికి ఉండదు. కొత్తవాళ్ల మీద కోపం పెట్టుకోకండి, వాళ్లకీ పని కావాలి, అడగాల్సింది కంపెనీని. వచ్చే సోమవారం లోపు ఆ ఉత్తరం పోస్టులో పడాలి.